సగం నీళ్లు

సర్రుమని గాలి లాగిన చప్పుడు. ఆ వెంటనే థూ అని ఉమ్మిన చప్పుడు. ఆ వెనక, బకెట్టు అడుగున సన్నని ధార పడుతున్న మోత. మొదట పెళుసుగా ఉండి, నీళ్లు పెరిగేకొద్దీ మెత్తమెత్తగా మారింది.

పేపరు చాటున కూర్చున్న రత్నరాజు ఆ చప్పుళ్లన్నీ విన్నాడు గాని తల ఎత్తలేదు. వారానికోసారి వినేవే. ధార గొంతు మారిందని తెలియగానే, ఎదురుగా ఉన్నది బకెట్టు కాదు, బస్సన్నట్టు, "హోల్డాన్, హోల్డాన్!" అన్నాడు.

అతని భార్య చేపల తొట్టెలోంచి వేలాడే పైపు చివర బొటనవేలు అదిమిపట్టి, నిండిన బకెట్టును మోకాలితో పక్కకు జరిపి, ఖాళీది ముందుకు లాక్కుంది.

"రైట్, రైట్," అన్నాడు రత్నరాజు, పేజీ తిప్పుతూ.

ఆవిడ వేలు తీసింది. ధార మళ్లీ మొదలైంది.

బందరు డిపోలో కండక్టరుగా పదవీ విరమణ చేసిన రోజున తోటివాళ్లు శాలువా కప్పి ఊరుకోక, ఆ చేపల తొట్టెను బహూకరించారు. రత్నరాజుకు పాసింజర్లు లేకపోతే తోచదని ఎవరో నవ్వుతూ అన్న మాటను అతడు నిజంగానే మనసుకు పట్టించుకున్నాడు. గాజుగోడల మధ్యకు వచ్చిన ప్రతి చేపకూ, తాను ఉద్యోగమంతా గొంతెత్తి అరిచిన ఊళ్లలోంచి ఒక ఊరి పేరు పెట్టాడు. బొద్దుగా, ఎర్రగా, నింపాదిగా తిరిగేది గుడ్లవల్లేరు. తోకను విసనకర్రలా విప్పుకుని అన్నిటికన్నా ముందుండేది చల్లపల్లి. రాతి వెనక నక్కేది కోడూరు. జంట విడవని వెండిచేపలు అవనిగడ్డ, నాగాయలంక. అన్నిటికన్నా చిన్నది, నారింజతొనంత ఉండేది, పెడన. ఇక గాజును నోటితో కరుచుకుని రాత్రింబవళ్లు పాచి నాకే నల్లటి చేప ఒకటి ఉంది. దానికి పేరు లేదు. అది వట్టి 'అది'.

"ఇదిగో, కోడూరుకి పైపు తగులుతుందేమో చూడు."

"తగలదండీ. పైపు పెట్టగానే అదే తప్పుకుంటుంది. మీకన్నా నయం."

గేటు దగ్గర గాజులు గలగల్లాడాయి. పక్కింటి జహీదా ఖాళీ బకెట్టుతో లోపలికి వచ్చింది. చేపల నీళ్లు పోస్తేనే తన మేడ మీది గులాబీలు మొగ్గ తొడుగుతాయని ఆమె నమ్మకం.

"వదినా, నా వంతు తీశావా?"

"ఆ నిండింది నీదే, పట్టుకెళ్లు. పొదుపుగా వాడుకో. నేను శనివారం దాకా ఉండను. గుడివాడలో స్త్రీల సభలు."

"అయ్యో, మరి అన్నయ్యా, ఈ నీళ్లెవరు మారుస్తారు?"

"ఎవరేవిటి?" రత్నరాజు పేపరు దించాడు. "ఇన్నాళ్లూ మార్పిస్తున్నది నేను కాదూ?"

"మార్పించడం వేరు, మార్చడం వేరులే అన్నయ్యా," అంటూ జహీదా బకెట్టెత్తుకుని వెళ్లిపోయింది.

భార్య పీట మీద నుంచి, మోకాలి మీద చెయ్యి ఊని లేచింది. తడి చేతుల్ని చీరచెంగుకు తుడుచుకుంటూ అంది. "వినండి. చిటికెడంటే చిటికెడే మేత. నేనొచ్చేదాకా నీళ్లు ముట్టుకోకండి. ఒకవేళ మరీ పాడైతే సగమే తీయండి. సగం ఉంచాలి."

"ఊఁ."

"ఏవన్నాను, చెప్పండి?"

"ఊఁ అన్నానుగా! బస్సెన్నింటికి?"

"ఎన్నింటికైతేనేం, మాకు ఫ్రీ. టిక్కెట్టు కొట్టడానికి మీరూ ఉండరు," అని నవ్వి, గంజి పెట్టిన తెల్లచీరలు మడత పెట్టుకోడానికి లోపలికి వెళ్లింది.

మర్నాడు వీధి చివర ఆటోలో తెల్లచీరల ఆడవాళ్లు ఎదురుచూస్తున్నారు. సంచి మోసుకుంటూ అక్కడిదాకా వెళ్లాడు రత్నరాజు. ఆటో కదలబోతుంటే, "ఇదిగో! కళ్లజోడు!" అని జేబులోంచి తీసి అందించాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, అతన్ని మొదటిసారి సరిగ్గా చూస్తున్నట్టు ఒక చూపు చూసి, "చిటికెడే," అంది.

*

ఇల్లు ఖాళీ కాగానే రత్నరాజుకు తొట్టె చుట్టూ తిరగడమే పనైంది. మేత డబ్బా చేతబట్టుకుని, మునివేళ్లతో గాజు మీద తట్టి, పాత గొంతు సవరించుకునేవాడు.

"రావాలి, రావాలి! చల్లపల్లి, అవనిగడ్డ, కోడూరు! తోసుకోవద్దమ్మా, అందరికీ సీట్లున్నాయి. గుడ్లవల్లేరు, నీకిందాకే ఇచ్చాను కదా, మళ్లీ చెయ్యి చాస్తావేం? సరే, తీసుకో, తీసుకో."

కోడూరుకు అందలేదని ఒక చిటికెడు. పెడన చిన్నపిల్ల కదా అని ఒక చిటికెడు. చల్లపల్లి అలిగిందేమోనని ఇంకో చిటికెడు. తినగా మిగిలిన పలుకులు రాళ్ల సందుల్లోకి మెల్లగా దిగిపోయాయి. గాజుకు కరుచుకున్న నల్లచేప మాత్రం ఎవరి పిలుపూ తనది కాదన్నట్టు, తన పనేదో తాను చేసుకుపోతూ ఉంది.

సాయంత్రం ఫోను మోగింది. ఆవిడే. వెనక హార్మోనియం శ్రుతి చేస్తున్న మోత, పిల్లల కేకలు.

"తిన్నారా?"

"తిన్నాను. నాగాయలంక కూడా తింది."

"నేను మీ సంగతి అడిగాను. కూరలో ఉప్పు సరిపోయిందా?"

"నీళ్లు పోసుకుంటే సరిపోయింది."

ఆవిడ నవ్వుతుండగా, ఫోనుకు అవతల ఎక్కడి నుంచో ఒక ఆడగొంతు ఒక పేరు పెట్టి పిలిచింది. ఆగి మళ్లీ పిలిచింది, చివర సాగదీసి, ముద్దుగా.

"ఎవర్నో పిలుస్తున్నారక్కడ, గొంతు పోయేలా," అన్నాడు రత్నరాజు.

"నన్నేనండీ. పాటకి వేళైంది. ఉంటాను."

ఫోను చీకటైంది. రత్నరాజు దాన్ని చాలాసేపు చేతిలోనే ఉంచుకున్నాడు. ఆ పేరు తనకు తెలియనిదేమీ కాదు. పెళ్లినాడు పాస్టరుగారు చదివితే పక్కనే నిలబడి విన్నాడు. కాని ఆ పేరుతో ఆవిడనే పిలుస్తుంటే, ఇంకెవరినో పిలుస్తున్నారనుకున్నాడు! తన తల్లి ధనమ్మ ఉన్న ఇంట్లో పెళ్లాన్ని పేరు పెట్టి పిలిచే మగవాడు లేడు. ధనమ్మ పోయాక, ఆ అవసరమే కలగలేదు. 'ఇదిగో' అంటే పలికేది. పలికే మనిషికి మళ్లీ పేరెందుకు?

దీపం కింద చేపలు తిరుగుతున్నాయి. అతడు ఎవరూ వినడం లేదు కదా అని చుట్టూ చూసి, పెదవులు విప్పాడు. మొదటి అక్షరం వచ్చింది. రెండోది గొంతులోనే అడ్డం తిరిగి దగ్గుగా మారింది. తన ఇంట్లో తనే దొంగలా సిగ్గుపడి, లేచి దీపం ఆర్పేశాడు.

*

మేత మానలేదు. నీళ్లు మొదట పలచని గంజిలా తెల్లబడ్డాయి. ఆ మర్నాటికి బియ్యం కడిగిన కుడితిలా చిక్కబడ్డాయి. అవనిగడ్డ ఎక్కడుందో, నాగాయలంక ఎక్కడుందో ఆనవాలు పట్టడం కష్టమైంది. ఆవిడ వచ్చి చూస్తే ఏమంటుంది? ఏమీ అనదు, నవ్వుతుంది. ఆ నవ్వును తలుచుకునే రత్నరాజు లుంగీ పైకి ఎగ్గట్టాడు.

సగమే తీయాలన్న మాట గుర్తుంది. కాని సగం మురుగు ఉంచుకుని, దానిమీద సగం మంచినీళ్లు పోయడం ఏం శుభ్రం? ఎంగిలికంచంలో వేడన్నం వడ్డించినట్టు! ఆడవాళ్లకు ఓపిక లేక సగంతో సరిపెడతారు. తాను పూర్తిగా మార్చి చూపిస్తాడు. ఆవిడ గడపలో అడుగు పెట్టేసరికి తొట్టె పెళ్లిబస్సులా మెరవాలి.

చేపలన్నిటినీ బేసిన్లోకి దింపాడు. తొట్టెలోని నీళ్లు చెంబులతో తోడి, ఒక్క చుక్కైనా మిగల్చకుండా మల్లెపాదులో పారబోశాడు. రాళ్లను కొబ్బరిపీచుతో రుద్దాడు. గాజును రుద్దాడు. చెమటను భుజంతో తుడుచుకుంటూ పంపు తిప్పాడు.

కాలవలకు కొత్తనీళ్లు వదిలిన రోజులవి. పంపులో నీళ్లు ఎర్రగా దిగుతున్నాయి, బ్లీచింగు వాసన గుప్పుమంటూ. దివిసీమలో పుట్టినవాడికి ఎర్రనీళ్లకు మందేమిటో ఎవరూ నేర్పనక్కర్లేదు. ధనమ్మ కాలవనీళ్ల బిందె ముందు కూర్చుని, వేళ్ల మధ్య పటికముక్క పట్టుకుని గుండ్రంగా తిప్పేది. చేతికడియం బిందె అంచుకు తగిలి మోగుతూ ఉంటే, ఒండ్రు మొగ్గలు మొగ్గలుగా విరిగి అడుగుకు దిగిపోయేది. అవే నీళ్లు తాగి తామంతా పెరిగారు. మనుషులు తాగి పెరిగిన నీళ్లు చేపలకు చేదా?

షేవింగు సామాను పక్కనున్న పటిక తెచ్చి, బకెట్లలో పట్టిన నీళ్లలో తల్లి తిప్పినట్టే తిప్పాడు. ఒక చుట్టు కాదు, రెండు చుట్లు కాదు, చెయ్యి నొప్పి పుట్టేదాకా. నీళ్లు తేరాయి. తేరిన నీళ్లను తొట్టెలో పోస్తే, నీళ్లున్నాయా లేవా అన్నంత స్వచ్ఛంగా మెరిశాయి. చేపల్ని ఒక్కొక్కటిగా పేరు పెట్టి సాగనంపాడు. ఫోటో తీసి ఆవిడకు పంపాలని తన కళ్లజోడు కోసం వెతుకుతుండగా, వెనక నుంచి చప్పుడు.

చప్. చప్. చప్.

పంపు కట్టేయలేదేమో అనుకున్నాడు. పంపు కట్టేసే ఉంది. వెనక్కి తిరిగాడు. చేపలు నీటి పైకి వచ్చి, నోళ్లు బయటపెట్టి, గాలిని కొరుకుతున్నాయి. ఎప్పుడూ ముందుండే చల్లపల్లి ఒక పక్కకు ఒరిగింది. పెడన అందరికన్నా కింద, తోక ఆడించడం మరిచిపోయినట్టు ఉంది.

ఆవిడకు ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. ప్రార్థనలో ఉంటుంది. మళ్లీ చేశాడు. మళ్లీ చేశాడు.

"ఏవండీ? ఒంట్లో బాగానే ఉందా?"

"నాకు బాగానే ఉంది! చేపలే, పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నీళ్లు మార్చాను."

"పాత నీళ్లెన్ని ఉంచారు?"

"పాతవెందుకు? మొత్తం మార్చేశాను. పటిక కూడా తిప్పాను. అద్దంలా ఉన్నాయి."

తిట్టబోతోందనుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"కంగారు పడకండి," అంది ఆవిడ. "ఫోను కిటికీలో పెట్టి, స్పీకరు నొక్కండి. ముందు జహీదాని కేకేయండి. దాని బకెట్టులో మొన్నటి నీళ్లు మిగిలే ఉంటాయి. దొడ్లో నీలం డ్రమ్ముంది చూడండి, మూతికి గుడ్డ కట్టి."

"అది బట్టలుతకడానికి కదా?"

"చేపలకేనండీ. పంపునీళ్లు రెండ్రోజులు అలా నిలవుంటేగాని మందు వాసన పోదు. తొట్టెలోవి పైపుతో కొంచెం తీయండి, డ్రమ్ములోవి కొంచెం పోయండి. ఒక్కసారిగా కుమ్మరించకండి. చెంబుతో, గాజు వారన, అరచేతి మీదుగా జారనివ్వండి. వాటికి తెలియకుండా మారాలి. ఆఁ, డ్రైవరెలా ఉన్నాడు?"

"డ్రైవరెవరు?"

"ఆ నల్లచేపండీ. ఇన్ని ఊళ్లు తిరిగే బండికి డ్రైవరుండొద్దూ? మీరు పేరు పెట్టలేదుగా, నేనే పెట్టుకున్నాను."

రత్నరాజు వంగి చూశాడు. అది గాజును వదల్లేదు. మొప్పలు ఎగసి పడుతున్నా, నోరు కరిచిపట్టుకునే ఉంది.

"ఉన్నాడు," అన్నాడు. "స్టీరింగు వదల్లేదు."

జహీదా మెట్లు దిగి పరుగున వచ్చింది. ఆమె బకెట్టులో సగానికి తక్కువగా, పచ్చని నీడ తేలే పాతనీళ్లు ఉన్నాయి. "గులాబీలకి రేపు పోద్దామని ఉంచానన్నయ్యా. దేవుడే ఉంచమన్నాడు."

రత్నరాజు పైపు ఒక కొస నీళ్లలో ముంచి, రెండో కొస నోట పెట్టుకుని లాగాడు. రాలేదు. గట్టిగా లాగాడు. పటిక వగరూ, బ్లీచింగు ఘాటూ, చేపల నీచూ కలిసి ఒక్కసారిగా గొంతుదాకా వచ్చి పడ్డాయి. థూ అని ఉమ్మాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నోట్లోకి వచ్చేశాయి!"

"వస్తాయండీ," అంది కిటికీలోంచి ఫోను.

"నీకూ వచ్చేవా?"

"వారం వారం." ఆవిడ నవ్వింది.

జహీదా కూడా నవ్వింది. అతనికి మాత్రం నవ్వు రాలేదు. పేపరు చాటున తాను విని ఊరుకున్న ఆ రెండో చప్పుడు ఏమిటో ఇప్పుడు అతని నాలుక మీద ఉంది.

ఆవిడ పీటను ముందుకు లాక్కుని కూర్చున్నాడు. కూర్చుని కూర్చుని దాని నడుము పల్లంగా, నునుపుగా అరిగింది. పైపు చివర పంటిగాట్లు వేలికి తగిలాయి. అక్కడి నుంచి చూస్తే, తొట్టెకు అవతల తన పడక్కుర్చీ కనిపించింది, ఖాళీగా, నీళ్లలో వంకర తిరిగి. ఇన్నాళ్లూ ఆవిడకు తాను ఇలాగే కనిపించి ఉండాలి.

మొదట జహీదా తెచ్చిన నీళ్లు, ఆ తరవాత డ్రమ్ములోవి. చెంబు ముంచడం, అరచేతి మీదుగా జార్చడం, ఆగడం, చూడడం. మళ్లీ చెంబు. హోల్డాన్ అనేవాడూ లేడు, రైట్ అనేవాడూ లేడు. మధ్యాహ్నం జహీదా తెచ్చిపెట్టిన అన్నం పక్కన చల్లారిపోయింది. నీరెండ గోడమీద పాకి, గడియారం దాటి, తలుపు దాకా పోయింది. మెల్లగా ఆ చప్ చప్ మోత పలచబడింది. అవనిగడ్డ కిందికి దిగింది, వెంటనే నాగాయలంక. గుడ్లవల్లేరు ఏమీ జరగనట్టు మేత కోసం వెతికింది. కోడూరు తన రాతి వెనక్కి పోయింది. ఒరిగిన చల్లపల్లి చాలాసేపటికి నిటారు అయింది.

పెడన మాత్రం లేవలేదు.

ఆ సాయంత్రం ఆవిడ ఫోను చేసి, "అందరూ బాగున్నారా?" అని అడిగింది. పెడన పేరు నోటిదాకా వచ్చింది. "ఉన్నారు," అన్నాడు. అన్నాక, అరచేతిలో పట్టేంత చేపను మల్లెపాదులో పెట్టి మట్టి కప్పుతూ, ఆవిడతో తాను ఆడిన అబద్ధం ఆ చేపకన్నా బరువుగా ఉందనుకున్నాడు.

*

శనివారం రత్నరాజు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గేటు తీస్తుంటే, జహీదా మేడ మీద నుంచి చూసింది.

"ఎక్కడికన్నయ్యా?"

"బస్టాండుకి. మీ వదిన వస్తోంది."

"ఆటోలో వచ్చేస్తుంది కదా! ఇన్నేళ్లలో ఎప్పుడైనా ఎదురెళ్లారా?"

"రోజూ వెళ్లేవాణ్ణి. డ్యూటీకి."

హాస్యమాడాడే గాని, అతని కాళ్లు తొందరపడుతున్నాయి. ఆవిడ ఇంటికి వచ్చి, తొట్టె ముందు వంగి, ఒక్కొక్క పేరే లెక్కపెట్టుకుని, ఒకటి తక్కువై తనవైపు తిరగకూడదు. తొట్టె చెప్పకముందే తాను చెప్పాలి.

బస్టాండు కిటకిటలాడుతోంది. సభలు ముగిశాయి. గుడివాడ నుంచి వచ్చిన బస్సుల్లోంచి తెల్లచీరల ఆడవాళ్లు దిగుతూనే ఉన్నారు. పెద్దవాళ్లు, పడుచువాళ్లు, చంకల్లో సంచులు, చేతుల్లో పాటలపుస్తకాలు. కొందరు అవనిగడ్డ బస్సువైపు, కొందరు ఆటోలవైపు. వెనక నుంచి చూస్తే అందరిదీ ఒకే నడక, ఒకే ముడి, ఒకే తెలుపు. తాను రోజుకు కొన్ని వందల ముఖాలను గుర్తు పెట్టుకున్నవాడు, ఒక్క వీపును పోల్చుకోలేక తడబడ్డాడు.

అంతలో కనిపించింది. సంచి కుడిభుజం నుంచి ఎడమభుజానికి మార్చుకునేటప్పుడు తల కొంచెం పక్కకు వంచే ఆ వంపు ఆవిడదే. ఆటోలవైపు వెళ్తోంది. అతడు అడుగు వేశాడు. వెనక్కి వస్తున్న బస్సొకటి ఈల వేసుకుంటూ ఇద్దరి మధ్యకు వచ్చి నిలిచింది. దాన్ని చుట్టి వచ్చేసరికి ఆవిడ ఇంకా దూరమైంది.

"ఇదిగో!" అని అరిచాడు.

ఓ పదిమంది ఆడవాళ్లు తిరిగి చూశారు. ఆ బస్టాండులో భార్యలందరి పేరూ అదే.

ఆవిడ ఒక్కతే తిరగలేదు. తనకోసం ఆ పిలుపు ఇక్కడిదాకా వస్తుందని ఆవిడ ఎన్నడూ ఎదురుచూడలేదు. వెళ్తూనే ఉంది.

"ఏమే! ఇదిగో, నిన్నే!"

ఒక ముసలమ్మ ఆగి, "నన్నా, బాబూ?" అంది.

"కాదమ్మా," అన్నాడు రత్నరాజు. ఆటో ఒకటి ఆవిడ ముందు ఆగింది. ఆవిడ సంచి లోపల పెట్టి, కడ్డీ పట్టుకుంది.

రత్నరాజు నిలబడిపోయాడు. ఫుట్‌బోర్డు మీద నిలబడినట్టు పాదాలు ఎడం చేసి, ఎడమచెయ్యి నోటి వారకు తెచ్చి, బొడ్డు దగ్గర నుంచి ఊపిరి తీసుకున్నాడు. సందు చివరి ఇంటిని, పొలాల అవతలి ఊరిని, నిద్రపోయే పాసింజరును, అందరినీ లేపిన గొంతు అది. ఎవరు వింటారో, ఎవరు నవ్వుతారో చూసుకోలేదు. ఊళ్లన్నీ దాటుకుంటూ వచ్చిన ఆ గొంతు ఇన్నేళ్లకు తన ఊరు చేరినట్టు, రెండో అక్షరం దగ్గర తడబడకుండా, చివరి అక్షరాన్ని సాగదీసి, బస్టాండంతా మోగేలా పిలిచాడు.

"కృపాకుమారీ!"